అప్‌డేట్: రిహార్సల్‌లో గొంతు బొంగురుపోయే సమస్య తీరింది

పరిషత్తు నాటికలో ముసలి రైతు పాత్ర వేస్తున్నానని, రిహార్సల్ సగంలోనే గొంతు బొంగురుపోతోందని, నడక కూడా అతికించినట్టుందని డైరెక్టర్ గారు అంటున్నారని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించమన్నవాళ్ల మాట విన్నాను. కెమెరాతో స్వరతంత్రులు చూశారు. కాయల్లాంటివి ఏమీ లేవు. ముసలి గొంతు కోసం కంఠం బిగించడం వల్లే అలసట అని చెప్పి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు పంపారు. నాకు బాగా పనిచేసింది ఆవిడ నేర్పిన స్ట్రా వ్యాయామం: సన్నటి స్ట్రాలోంచి 'ఊ' అంటూ శ్రుతి మెల్లగా పైకీ కిందికీ నడపాలి. తర్వాత పెదాలు మూసి 'మ్' అంటూ, అదే తేలికతో డైలాగ్‌లోకి రావాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి దొరకదని కూడా చెప్పారు.

నడకకు రైతుబజార్‌లో పెద్దవాళ్లను గమనించమన్న సలహా అద్భుతం! అందరూ వంగి నడవరు. లేచేముందు తొడ మీద చెయ్యి ఆనించి బరువు సర్దుకుంటారు. పిలిస్తే మెడ ఒక్కటే కాకుండా భుజాలతో సహా తిరుగుతారు. ఈ రెండూ ఒంట్లోకి వచ్చాక మాట వేగం దానంతటదే తగ్గింది, గొంతు మార్చాల్సిన అవసరమే రాలేదు.

మిరియాల పాలు, కరక్కాయ హాయిగా అనిపించాయి గానీ సమస్యకు సంబంధం లేదు. మింగినవి స్వరతంత్రులను తాకవట.

ప్రదర్శన బాగా జరిగింది, చివరి వరుసకీ మాట స్పష్టంగా వినిపించిందన్నారు. మీకు బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం వ్యాయామాలకంటే ముందు డాక్టర్‌కి చూపించండి.