పాత స్విఫ్ట్‌కి ఇప్పుడు సింథటిక్ ఆయిల్ పోయించొచ్చా?

అందరికీ నమస్తే, మాది ఖమ్మం, 2013 స్విఫ్ట్ పెట్రోల్ బండి, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదట్నుంచీ మామూలు మినరల్ ఇంజన్ ఆయిలే, ఐదు వేలకోసారి మార్పిస్తా, ఏ ఇబ్బందీ రాలేదు. మొన్న సర్వీస్‌కి తీసుకెళ్తే ఫుల్ సింథటిక్ వేయించుకోండి సార్ పది వేల దాకా చూడక్కర్లేదు అన్నారు, రేటేమో దాదాపు డబుల్. మా వీధి మెకానిక్ బాబాయ్ మాత్రం పాత బండికి అది పల్చనైపోయి సీల్స్ దగ్గర కారుద్ది, వద్దంటే వద్దంటున్నాడు. కానీ నా డౌట్ ఏంటంటే రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే, అంటే ఒకే చిక్కదనం గ్రేడ్ ఉన్నప్పుడు ఇంజన్ వేడెక్కాక చిక్కదనం ఇంచుమించు ఒకటే ఉండాలి కదా, మరి సింథటిక్ ఒక్కటే ఎందుకు కారుతుంది?

రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి రావడమే, నాలుగు కిలోమీటర్లు, ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తా. నెలకోసారి హైదరాబాద్, ఎండాకాలమైతే ఏసీ ఫుల్లుగా పెట్టుకుని. ఇలా చిన్న ట్రిప్పులు ఎక్కువైతే ఏ ఆయిలైనా త్వరగా పాడవుద్ది అంటారు, అలాంటప్పుడు సింథటిక్ పోసి పది వేలు ఆగడం కరెక్టేనా?

ఇంకోటి, ఇంజన్ పైన మూతలా ఉండే వాల్వ్ కవర్ దగ్గర కాస్త ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ముందు ఆ కవర్ కింద ఆయిల్ కారకుండా ఉండే గ్యాస్కెట్ మార్పించాకే ఆయిల్ మార్చాలా? పాత బండికి మార్చి చూసినవాళ్ళు ఉంటే కొంచెం చెప్పండి, ఆదివారం సర్వీస్‌కి ఇవ్వాలి.