హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి: తాళి కట్టి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే ఆ పెళ్లి చెల్లుతుందా?

గాజువాక వాసి (ప్రశ్న)

అబ్బాయి బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవుడు, ఉండేది గాజువాకలో. అమ్మాయి హిందువు, సొంతూరు నర్సీపట్నం. రెండేళ్లుగా మధురవాడలో అద్దెకుంటూ ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ పాతికేళ్లు దాటాయి. మతం మార్చుకోవాలని ఇద్దరిలో ఎవరికీ లేదు. రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. సింహాచలం కొండ దిగువన మండపంలో జీలకర్ర బెల్లం పెట్టి తాళి కట్టించాలి, మర్నాడు చర్చిలో ప్రార్థన, ఆపై హిందూ వివాహ చట్టం కింద సర్టిఫికెట్ తీసుకోవాలి అన్నది వాళ్ల ఆలోచన. స్పెషల్ మ్యారేజ్ చట్టం అంటే నెల రోజులు ఫొటో అంటిస్తారని, ఊళ్లో అందరికీ తెలుస్తుందని భయపడుతున్నారు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా ఇబ్బంది ఉంటుందా? నోటీసు నర్సీపట్నం దాకా వెళ్తుందా? ఆస్తి విషయంలో ఏం మారుతుంది? వివరం తెలిసినవాళ్లు చెప్పండి.

ఎంవీపీ కాలనీ న్యాయవాది

పెద్దలు ఒప్పుకున్నారు కాబట్టి సగం బరువు దిగినట్టే. కానీ వాళ్లు అనుకుంటున్న దారి మాత్రం వద్దండి. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 5 మొదటి మాటే 'ఇద్దరు హిందువుల మధ్య' అని. బౌద్ధులు, జైనులు, సిక్కులు అందులోకే వస్తారు. క్రైస్తవులు రారు.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. సరిగ్గా ఇలాంటి కేసు మన విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే 1997లో మొదలైంది. అబ్బాయి రోమన్ కాథలిక్, అమ్మాయి హిందువు. 1996లో గుడిలో తాళి కట్టాడు, కొద్ది రోజులకే హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 కింద రిజిస్టర్ కూడా చేయించారు. హైకోర్టు ఆ పెళ్లి చెల్లదంది. 2008 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు దాన్నే ఖాయం చేసింది. సెక్షన్ 5లో 'చేసుకోవచ్చు' అని ఉంది గనక ఇద్దరిలో ఒకరు హిందువైనా సరిపోతుందని వాదించారు, కోర్టు ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్ అనేది జరిగిన పెళ్లికి ఒక రుజువు. చెల్లని పెళ్లికి అది ప్రాణం పోయదు.

2024లో సుప్రీం కోర్టు దీనికి రెండో వైపు కూడా చెప్పింది. ఇద్దరూ హిందువులే అయినా సప్తపది లాంటి ఆచారం ఏదీ జరపకుండా కేవలం సర్టిఫికెట్ తీసుకుంటే అది హిందూ వివాహం కాదంది. అంటే ఆ చట్టంలో మతమూ ఉండాలి, క్రతువూ ఉండాలి, కాగితం ఆ తర్వాతే.

ఈ జంటకు తిన్నని దారి స్పెషల్ మ్యారేజ్ చట్టం 1954. అందులో నోటీసు ఫారం ఒకసారి చూడండి. పేరు, పెళ్లయిందా లేదా, వృత్తి, వయసు, ఇప్పటి నివాసం, శాశ్వత నివాసం, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇవే గళ్లు. చట్టం ఇచ్చిన ఆ ఫారంలో మతానికి గడే లేదు. మన దేశంలో పెళ్లికి వచ్చినవాళ్లను నువ్వెవరి బిడ్డవు, ఏ దేవుణ్ణి కొలుస్తావు అని అడగని చట్టం ఇదొక్కటే. నాకు దీని మీద గౌరవం అందుకే.

పద్ధతి ఇది. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇస్తే ఆఫీసులో అంటిస్తారు. అంటించిన రోజు నుంచి 30 రోజులలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ ఏది పడితే అది కాదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, ముందరి భార్య లేదా భర్త బతికి ఉండటం, మతి స్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం, ఈ నాలుగే. 'మా మతం కాదు', 'మా కులం కాదు', 'మాకిష్టం లేదు' అన్నవి అభ్యంతరాలే కావు. గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వెళ్లి ప్రకటన మీద సంతకం చేసి, ఆఫీసర్ ముందు ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. తెలుగులో చెప్పొచ్చు, ఇద్దరికీ అర్థమయ్యే భాష అయితే చాలు.

పెద్దలకు ముఖ్యంగా చెప్పాల్సింది సెక్షన్ 12. అదనపు ఫీజు కడితే ఆఫీసర్ దగ్గర్లో ఉన్న మండపానికే రావచ్చు, పెళ్లి మీకు నచ్చిన పద్ధతిలో జరుపుకోవచ్చు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ప్రార్థన ఏదీ మానక్కర్లేదు. ఆఫీసర్ ముందు, సాక్షుల ముందు ఆ మాట చెప్పడం ఒక్కటి తప్పనిసరి.

దస్తావేజు లేఖరి, మధురవాడ

పై సమాధానంలో ఒక సవరణ. ఈ చట్టంలో 'జిల్లా' అంటే కలెక్టర్ ఉండే జిల్లా కాదు. ఆ మ్యారేజ్ ఆఫీసర్‌ను ఏ ప్రాంతానికి నియమించారో ఆ ప్రాంతం. సెక్షన్ 2లో రాసి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చాలామంది దీన్ని కలగాపులగం చేస్తున్నారు. మా ఆధార్ అనకాపల్లి జిల్లాది కదా, ఇక్కడ ఎలా కుదురుతుంది అని వెనక్కి వెళ్లిపోతున్నారు. కుదురుతుంది. అబ్బాయి గాజువాకలోనే ఉంటున్నాడు గనక అక్కడ ఇవ్వొచ్చు. మధురవాడ వైపు ఇవ్వాలంటే అమ్మాయి నెల దాటి ఉంటున్నట్టు అద్దె ఒప్పందమో, ఆఫీసు ఇచ్చిన చిరునామా లేఖో చూపాలి.

ఇక నర్సీపట్నం సంగతి. వెళ్తుందండి. శాశ్వత నివాసం వేరే ఆఫీసర్ పరిధిలో ఉంటే నోటీసు నకలు అక్కడికి పంపి, అక్కడా అంటించాలని సెక్షన్ 6 చెబుతోంది. శాశ్వత నివాసం గడి దగ్గర అబద్ధం మాత్రం రాయకండి. ప్రకటనలో తప్పు రాస్తే శిక్ష ఉంది. ఇక్కడ పెద్దలు ఒప్పుకున్నారు గనక ఊళ్లో తెలిసినా నష్టమేమిటి?

పనులు ఆగేది చట్టం వల్ల తక్కువ, కాగితాల వల్ల ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. అబ్బాయికి బాప్తిస్మపు పేరు ఒకటి, బడి పేరు ఇంకొకటి. అన్నిటిలో ఒకే పేరు వచ్చేలా నోటీసుకు ముందే సరిచేయించండి, మధ్యలో మారిస్తే కొత్త నోటీసు అడుగుతారు. ముందు పెళ్లయి విడిపోయినవాళ్లయితే కోర్టు డిక్రీ ఉండాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితం ఇక్కడ పనికిరాదు. సాక్షులు ముగ్గురూ గుర్తింపు కార్డుతో అదే రోజు, అదే వేళకు రావాలి. ఇద్దరు వచ్చి మూడోవాడు బీచ్ రోడ్డులో ట్రాఫిక్‌లో ఉన్నాడంటే ఆ రోజు పని కాదు. నాలుగో మనిషిని కూడా అనుకుని ఉంచుకోవడం మేలు.

చర్చి సంఘ పెద్ద, వాల్తేరు

మూడో దారి ఒకటుంది, దాన్నీ చెప్పాలి. భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 1872 ప్రకారం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా ఆ చట్టం కింద పెళ్లి జరపొచ్చు. హిందూ అమ్మాయి బాప్తిస్మం తీసుకోవాలని చట్టం అడగదు. చర్చి అడగొచ్చు, అది వేరే సంగతి. కాథలిక్కులైతే క్రైస్తవేతరులను పెళ్లాడటానికి బిషప్ గారి అనుమతి కావాలి. అది రావడానికి సమయం పడుతుంది, ముందుగా ఫాదర్‌ను కలవండి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఒక్కోచోట ఒక్కో నియమం.

ఇక్కడ ప్రమాదం పాస్టర్ దగ్గర ఉంది. చట్టం కింద అధికారం లేని పాస్టర్ పెళ్లి జరిపితే అది నేరం, పెళ్లికీ గండమే. వీధివీధినా ఉన్న స్వతంత్ర ప్రార్థన మందిరాల పాస్టర్లు అందరికీ లైసెన్స్ ఉండదు. లైసెన్స్ కాగితం చూపమని అడగడం అమర్యాద కాదు, తప్పక అడగండి. ఇంకో సంగతి, పెళ్లి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపల జరగాలని 1872 చట్టంలో ఉంది. ప్రత్యేక అనుమతి ఉన్నచోట తప్ప రాత్రి విందు వేళకు పెళ్లి పెట్టుకోకూడదు.

సీతమ్మధార పాఠకురాలు

అన్నిటికన్నా తేలిక, ఎవరో ఒకరు మతం మారిపోతే సరిపోదా? చాలామంది చేస్తున్నదే కదా.

మహిళా సహాయ కేంద్రం కార్యకర్త

నమ్మి మారితే అది వాళ్ల స్వేచ్ఛ. పెళ్లి కాగితం కోసం మారితే మాత్రం చిక్కులే. అబ్బాయి పేరుకి హిందువునని రాసి, ఆదివారం చర్చికి వెళ్తూనే ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు అతనే 'నేను క్రైస్తవుణ్ణి, ఈ పెళ్లే చెల్లదు' అనగలడు. ఆ మాటతో దెబ్బతినేది ఎక్కువగా ఆడపిల్లే.

రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడాన్ని 2024 నవంబర్‌లో సుప్రీం కోర్టు రాజ్యాంగాన్ని మోసం చేయడంగా చూసింది. అందుకే పెళ్లి కోసం అటూ ఇటూ మతం రాయించుకోవడం వద్దంటాను. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఎవరి మతమూ, ఎవరి కులమూ మారదు.

అయితే ఆ 30 రోజుల నోటీసు మీద నాకు బాధ ఉంది, దాచను. ఒకే మతం వాళ్లు గుడిలో పెళ్లి చేసుకుని సర్టిఫికెట్ తీసుకుంటే ఏ గోడ మీదా ఏమీ అంటించరు. మతాలు వేరైతే మాత్రం పేరు, ఇంటి చిరునామాతో సహా గోడకెక్కాలి. ఇంట్లో ఒప్పుకోని పిల్లలకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలంది. కానీ ఆ తీర్పు మన రాష్ట్ర ఆఫీసులను కట్టడి చేయదు. బెదిరింపులు ఉంటే నోటీసు ఇచ్చే రోజే పోలీస్ కమిషనరేట్‌లో రక్షణ కోరుతూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇలాంటి జంటలకు రక్షణ కల్పించడం పోలీసుల బాధ్యతని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది.

గాజువాక వాసి

అందరికీ ధన్యవాదాలండి. స్పెషల్ మ్యారేజ్ చట్టమే అని ఇంట్లో ఒప్పించవచ్చు. ఆస్తి సంగతి మిగిలింది. ఇంకొకటి, ఇప్పటికే గుడిలో తాళి కట్టుకుని హిందూ చట్టం సర్టిఫికెట్ తీసుకున్న ఇలాంటి జంటలు ఏం చేయాలి?

ఎంవీపీ కాలనీ న్యాయవాది

లేఖరి గారి సవరణ సరైనదే, నేను వాడుక మాటలో రాసేశాను.

ముందు రెండో ప్రశ్న. స్పెషల్ మ్యారేజ్ చట్టంలోనే సెక్షన్ 15 వాళ్ల కోసమే ఉంది. వేరే పద్ధతిలో పెళ్లి జరిగి అప్పటినుంచి కలిసి కాపురం చేస్తున్నవాళ్లు దాని కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇద్దరికీ 21 నిండాలి, 30 రోజుల నోటీసు ఇక్కడా ఉంటుంది. రిజిస్టర్ అయ్యాక, తాళి కట్టిన నాటినుంచి పుట్టిన పిల్లలందరూ చట్టబద్ధ సంతానమే అవుతారు. కాపురం బాగున్న రోజుల్లోనే ఈ పని చేయించుకోవాలి, ఎందుకంటే దీనికి ఇద్దరి సంతకాలూ కావాలి. చెడ్డాక ఎవరూ పెట్టరు. అప్పటికి ఆడవాళ్లకు మిగిలే ఆసరా ముఖ్యంగా గృహహింస చట్టం 2005. అది మతం చూడదు, పెళ్లి లాంటి సహజీవనానికీ వర్తిస్తుంది.

ఆస్తి. ఇద్దరూ హిందువులై స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకుంటే వారసత్వం మారదు, 1976లో ఆ సవరణ వచ్చింది. ఈ జంట అలా కాదు. అమ్మాయి హిందూ ఉమ్మడి కుటుంబంలో సభ్యురాలైతే సెక్షన్ 19 ప్రకారం వేరుపడినట్టు లెక్క. పిత్రార్జితంలో వాటా పోదు, విడిగా నిలుస్తుంది. ఆ తర్వాత ఇద్దరి ఆస్తికీ వారసత్వ చట్టం 1925 వర్తిస్తుంది. భర్త వీలునామా రాయకుండా పోతే భార్యకు మూడో వంతు, పిల్లలకు మూడింట రెండు వంతులు. పిల్లలుంటే భర్త తల్లికి ఏమీ రాదు. పిల్లలు లేకపోతే భార్యకు సగం, మిగతా సగం భర్త తండ్రికి. తండ్రి లేకుంటే ఆ సగాన్ని భర్త తల్లి, భర్త తోబుట్టువులు కలిసి పంచుకుంటారు.

హిందూ చట్టంలో కొడుకు ఆస్తిలో తల్లికి కోడలితో సమానంగా వాటా ఉంటుంది. ఈ జంటకు అలా కాదు, పైన చెప్పిన 1925 చట్టం లెక్కే అమ్మాయి ఆస్తికీ వర్తిస్తుంది. ఆమె తల్లి కూతురి సంపాదన మీద ఆధారపడి ఉంటే ఇది చిన్న విషయం కాదు. కాబట్టి పెళ్లయిన వెంటనే ఇద్దరూ చెరొక వీలునామా రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి.

దస్తావేజు లేఖరి, మధురవాడ

ఈ ఇంటికి సంబంధం లేకపోయినా చదివేవాళ్ల కోసం ఒక మాట. మేనరికం వాళ్లు ఈ చట్టం కింద నోటీసు ఇవ్వకండి. మేనత్త కూతురు, మేనమామ కూతురు ఇద్దరూ ఇందులో నిషిద్ధ బంధువుల పట్టికలో ఉన్నారు. హిందూ చట్టంలో మన ఆచారం చూపితే సరిపోతుంది. ఇక్కడ ఆ ఆచారాన్ని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి.

ఇక ముహూర్తం. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగాలి, దాటితే నోటీసు రద్దయి మళ్లీ మొదటికి వస్తుంది. 30 రోజుల లెక్క మాత్రం నోటీసు అంటించిన రోజు నుంచి. ఈ రెండు లెక్కలూ ఒకే రోజు మొదలవుతాయనుకుని తేదీ పెట్టుకుంటున్నారు. పైగా మధ్యలో ఆషాఢమో, మూఢమో వస్తే మంచి రోజులు దొరక్క గడువు దాటిపోతుంది. ముందు పంతులు గారి దగ్గర ముహూర్తం పెట్టించుకోండి, దానికి సుమారు యాభై రోజుల ముందు నోటీసు ఇవ్వండి. నోటీసు ఇచ్చిన తేదీ, గాజువాకలో అంటించిన తేదీ, నర్సీపట్నంలో అంటించిన తేదీ మూడూ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. నకలు అక్కడికి చేరిందో లేదో పది రోజుల తర్వాత ఒకసారి స్వయంగా వెళ్లి చూసుకోండి.