రైట్ సోదరుల 12 సెకన్లను మొదటి విమానయానంగా ఎందుకు లెక్కిస్తారు?

గాలిమర (ప్రశ్న):
1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. జంబో జెట్ రెక్కలే ఈ కొస నుంచి ఆ కొసకు 200 అడుగులు దాటతాయి. ఆ మాత్రం గెంతుకు అంత పేరా? అదే ఏడాది విమానం కడుతున్న అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ దగ్గర 52 హార్స్‌పవర్ ఇంజనుంది, యుద్ధశాఖ ఇచ్చిన 50,000 డాలర్లున్నాయి. రైట్లది 12 హార్స్‌పవరే. మరి వాళ్ళదే ఎలా లేచింది? మధ్యలో ఏమేం చెడ్డాయి? వైట్‌హెడ్ 1901లోనే ఎగిరాడని, మన తల్పడే 1895లోనే ఎగరేశాడని వాట్సాప్‌లో తిరిగేవి ఇక్కడ వద్దు. యంత్రం సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

చుక్కాని:
120 అడుగులు నేల మీద కొలిచిన లెక్కండీ. ఆ ఉదయం ఎదురుగాలి సెకనుకు దాదాపు 35 అడుగుల వేగంతో కొడుతోంది. విమానం నేలతో పోలిస్తే సెకనుకు 10 అడుగులే కదిలింది. అంటే గాలిలో దాని వేగం 45 అడుగులు. 12 సెకన్లతో గుణిస్తే 540. గాలి లేని రోజున అయితే అంత దూరం పోయేది. అదే రోజు మధ్యాహ్నం నాలుగోసారి ఆర్విల్ అన్న విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు పోయాడు. సందేహం ఉన్నవాళ్ళు 12 సెకన్ల దగ్గర ఆగకుండా ఆ నాలుగోదాన్ని చూడాలి.

ఇంకో సంగతి. మూడు రోజుల ముందు, డిసెంబరు 14న, నాణెం ఎగరేసి గెలిచిన విల్బర్ మొదట ఎక్కాడు. విమానం దొర్లి లేచే చెక్కపట్టాను కొండవాలు మీద వేశారు. లేవగానే ముక్కు మరీ పైకెత్తాడు, వేగం చచ్చి మూడున్నర సెకన్లలో ఇసుకలో కూలబడింది. దాన్ని వాళ్ళే లెక్కలోకి తీసుకోలేదు. వాలు సాయం ఉంది, అదుపూ లేదు. తమ మీద తామే పెట్టుకున్న షరతు అది: సమతలం నుంచి సొంత ఇంజనుతో లేవాలి, వేగం తగ్గకుండా ముందుకు సాగాలి, లేచినచోటికి తక్కువ కాని ఎత్తులో దిగాలి.

అన్నట్టు, అందరూ అమెరికాలోని ఉత్తర కరొలినా ఊరు కిట్టీ హాక్ అంటారు గానీ ఎగిరిన చోటు దానికి దక్షిణంగా 4 మైళ్ళ దూరంలోని కిల్ డెవిల్ హిల్స్.

పళ్ళచక్రం:
ఇంజను చిన్నదైనా ఎలా చాలిందో చెప్తాను. అసలు పని 1901 చలికాలంలో వాళ్ళ ఊరు డేటన్‌లోని సొంత సైకిల్ దుకాణంలో జరిగింది. ఆ ఏడాది గ్లైడరు లెక్క వేసిన దానిలో మూడో వంతు బరువే ఎత్తగలిగింది. గాలి రెక్కను ఎంత బలంగా నెడుతుందో లెక్కగట్టడానికి అప్పటి ఇంజనీర్లలో చాలామంది వాడిన గాలి ఒత్తిడి గుణకం 0.005. వీళ్ళు కొలిస్తే 0.0033 తేలింది. ఆరడుగుల పొడవు, 16 అంగుళాల చదరపు చెక్కపెట్టె ఒకటి చేసి, ఒక చివర ఫ్యాను పెట్టి, హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ పుల్లలతో, రెక్కను గాలి ఎంత ఎత్తుతుందో కొలిచే తక్కెడ కట్టారు. 200 దాకా చిన్న రెక్కలు చేసి పరీక్షించారు. వెడల్పు తక్కువగా, పొడుగ్గా ఉన్న రెక్కే మేలని అక్కడ తేలింది.

ప్రొపెల్లర్ ఇంకా గొప్ప. దానికి పనికొచ్చే సిద్ధాంతం ఓడల వాళ్ళ దగ్గరా దొరకలేదు. మెలిపెట్టిన రెక్కే గుండ్రంగా తిరుగుతోందనుకుని లెక్క కట్టారు. స్ప్రూస్ చెక్క పొరలు అతికించి ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండు చెక్కారు. ఇంజను శక్తిలో దాదాపు 75 శాతాన్ని అవి తోపుగా మార్చాయి. అందుకే 12 హార్స్‌పవర్ చాలింది. రెండూ ఎదురెదురుగా తిరగాలి, లేకపోతే యంత్రం పక్కకు లాగుతుంది; దానికోసం ఒక గొలుసును ఎనిమిది అంకెలా మెలేసి బిగించారు, అంతే!

ఇంజను వాళ్ళ దుకాణం మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో కట్టాడు. కార్బురేటర్ లేదు, పెట్రోలు పంపు లేదు, వేగం తగ్గించే పిడి లేదు. ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోలు తనంతట తానే కిందికి జారుతుంది. బరువు తగ్గాలని క్రాంక్‌కేసు (ఇంజను బయటి పెట్టె) అల్యూమినియంతో పోత పోశారు. మనిషి కంటే ఇంజను బరువెక్కువ, అదేమో కుడివైపుంది. అందుకని కుడి రెక్కను నాలుగంగుళాలు పొడుగు చేశారు.

చుక్కాని:
చెడినవాటి చిట్టా పొడుగే. ఫిబ్రవరిలో మొదటి క్రాంక్‌కేసే పగిలింది, మళ్ళీ పోత పోయించాల్సి వచ్చింది. నవంబరు 5న ఇంజను నడిపిస్తే ఇగ్నిషన్ కుదుపులకు ప్రొపెల్లర్ ఇరుసులు దెబ్బతిన్నాయి. డేటన్ పంపి బాగుచేయించి తెచ్చాక పళ్ళచక్రాల నట్లు ఎంత బిగించినా వదులయ్యేవి. చివరికి సైకిల్ టైరును రిమ్ముకు అంటించే సిమెంటు కాచి మరల్లో పోశారు, ఇక కదల్లేదు. నవంబరు 28న ఒక ఇరుసు చీలింది. అవి గొట్టపు ఇరుసులు. ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్ళి గట్టి ఉక్కువి చేయించి డిసెంబరు 11కి తిరిగొచ్చాడు. ఈ మధ్యలోనే, 8న, లాంగ్లీ యంత్రం రెండోసారి పోటోమాక్ నదిలో పడింది.

బరువును పైనుంచి పడేసి ఆ ఊపుతో విమానాన్ని ముందుకు విసిరే కటపల్టు వాడారని కొందరంటారు. అది 1904లో వచ్చింది. 1903లో ఉన్నది 60 అడుగుల చెక్కపట్టా, దాని మీద సైకిల్ హబ్బులతో దొర్లే బండి. మొత్తం ఖర్చు 4 డాలర్లట.

గాలిమర:
మరి లాంగ్లీ ఎందుకు పడ్డాడు? ఇంజను బాగుందిగా?

పళ్ళచక్రం:
ఇంజను అద్భుతం, మిగతాదే దెబ్బకొట్టింది. 1896లో ఎగిరిన చిన్న నమూనాను అలాగే పెద్దది చేశారు. పరిమాణం పెరిగితే కట్టడం మీద భారం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. కటపల్టు విసురుకు తట్టుకోలేదు. పైగా పక్కకు ఒరిగితే సరిచేసే సాధనమే లేదు. రైట్లు రెక్కల కొసలను మెలిపెట్టేవారు. అలా మెలిపెడితే ముక్కు రెండోవైపు తిరుగుతుంది. అందుకే 1902లో వెనక ఉన్న చుక్కానిని కదిలేలా చేసి, రెక్కలు మెలిపెట్టే తీగలకే కలిపారు. పేటెంటు కూడా దీనిమీదే, ఇంజను మీద కాదు.

గొడవ అక్కడితో ఆగలేదు. 1914లో రైట్లకు పోటీగా విమానాలు కట్టే గ్లెన్ కర్టిస్, లాంగ్లీ యంత్రాన్ని చాలాచోట్ల మార్చి కొద్దిసేపు లేపాడు. దాన్ని పట్టుకుని వాషింగ్టన్‌లోని మ్యూజియం సంస్థ స్మిత్సోనియన్ వాళ్ళు, మనిషిని మోయగల మొదటి విమానం లాంగ్లీదేనని బోర్డు పెట్టారు. లాంగ్లీ ఒకప్పుడు వాళ్ళ కార్యదర్శి, అంటే ఆ సంస్థ అధిపతి మరి! కోపమొచ్చి ఆర్విల్ తమ విమానాన్ని 1928లో లండన్ మ్యూజియంకు పంపేశాడు. కర్టిస్ చేసిన మార్పుల జాబితాను స్మిత్సోనియన్ 1942లో అచ్చువేసి తప్పు ఒప్పుకుంది. విమానం 1948 డిసెంబరు 17న వాషింగ్టన్‌లో ప్రదర్శనకు చేరింది. ఆర్విల్ ఆ జనవరిలోనే పోయాడు.