టోక్యో అథ్లెటిక్స్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌ని ఇంట్లో కూర్చుని ఎలా ఫాలో అవ్వాలి? క్రికెట్ తప్ప ఏమీ తెలియనివాడి సందేహాలు

ఖమ్మం కుర్రాడు (2025 సెప్టెంబర్ 9)

అందరికీ నమస్తే. ఈ నెల 13 నుంచి 21 వరకు టోక్యోలో అథ్లెటిక్స్ పోటీలు ఉన్నాయి కదా, ఈసారి సరిగ్గా చూడాలని పంతం పట్టాను. ఎందుకంటే 2023లో బుడాపెస్ట్ పోటీలప్పుడు పరువు పోయింది. నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్ రాత్రి 8.15కి అని ఎక్కడో చూసి, అన్నం తొందరగా తినేసి టీవీ ముందు కూర్చున్నా. ఎంతసేపటికీ మొదలవదు. పదిన్నర దాకా చూసి, రద్దయిందేమో అనుకుని పడుకున్నా. పొద్దున లేస్తే వాట్సాప్ నిండా 88.17 మీటర్లు, బంగారు పతకం, జెండాలు.

అదొక్కటే కాదు. చూడ్డం మొదలుపెట్టినా అసలేమీ అర్థం కాదు. ఒక పక్క పరుగు, ఇంకో పక్క దూకడం, మధ్యలో ఎవరో ఇనుప గుండు విసురుతుంటారు. ఏది చూడాలి? ఏది వదిలేయాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పీఈటీ మాస్టారు, విజయనగరం

బాబూ, నువ్వు చూసిన 8.15 తప్పు కాదు, అది బుడాపెస్ట్ గడియారం. అప్పుడు వాళ్లకీ మనకీ మూడున్నర గంటల తేడా. మనకి రాత్రి 11.45 అన్నమాట. షెడ్యూలు ఎప్పుడూ పోటీ జరిగే ఊరి టైములోనే వేస్తారు. వరల్డ్ అథ్లెటిక్స్ సైట్లో మన టైముకి మార్చుకునే వీలుంది కానీ, మారిందో లేదో ఒకసారి సరిచూసుకో.

ఈసారి తేడా అంతే, కాకపోతే తిరగబడింది. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. వాళ్ల సాయంత్రం పోటీలు మనకి మధ్యాహ్నం మొదలై రాత్రి భోజనం వేళకి అయిపోతాయి. నిద్ర పాడవదు. మారథాన్ లాంటివి మాత్రం వాళ్లకి పొద్దున 7.30కి, అంటే మనకి తెల్లవారుజామున 4 గంటలకి. అలారం పెట్టుకుంటావో మానేస్తావో నీ ఇష్టం.

ఇక ఏది చూడాలన్నది. తొమ్మిది రోజులూ అన్నీ చూడాలని కూర్చుంటే మూడో రోజుకి విసుగొచ్చేస్తుంది. నా పద్ధతి చెప్తాను. ఒక పాత నోటుబుక్కు తీసుకుని ఆరో ఏడో పేర్లు రాసుకుంటాను. మనవాళ్లు సగం, బయటివాళ్లు సగం. ఒక్కో పేరు పక్కన వాళ్ల హీట్ (మొదటి రౌండు) ఎప్పుడు, సెమీస్ ఎప్పుడు, ఫైనల్ ఎప్పుడు అన్నది మన టైములో రాస్తాను. ఇంకో గడిలో ఆ మనిషి ఇప్పటిదాకా చేసిన బెస్ట్ ఎంతో రాస్తాను. ఆ చివరి గడి ముఖ్యం. పతకం కోసమే చూస్తే మనవాళ్ల విషయంలో నూటికి తొంభై సార్లు నిరాశే. కానీ ఒక పిల్లవాడు తన బెస్ట్ తను దాటాడా లేదా అని చూడు, ప్రతి హీట్ కూడా ఫైనల్‌లా ఉంటుంది.

బుడాపెస్ట్‌లో మన 4x400 మీటర్ల రిలే మగపిల్లలు హీట్‌లో అమెరికా వెనకాలే రెండోగా వచ్చి 2 నిమిషాల 59.05 సెకన్లతో ఆసియా రికార్డు కొట్టారు. ఫైనల్లో ఐదో స్థానం. ఫైనల్ ఒక్కటే చూసినవాడికి ఆ హీట్‌లో ఉన్న మజా తెలియదు.

డల్లాస్ అక్క

మాస్టారి లెక్క ఇండియాలో ఉన్నవాళ్లకి బాగుంది. మా సంగతి వేరు. 18న జావెలిన్ ఫైనల్ ఇండియాలో మధ్యాహ్నం 3.53 అంటే మాకు పొద్దున 5.23, కాలిఫోర్నియా వాళ్లకి 3.23. నేనైతే రికార్డింగ్ చూస్తాను. కానీ తమ్ముడూ, అలా చూడాలంటే ఫోను ఇంకో గదిలో పెట్టు. ముఖ్యంగా ఫ్యామిలీ గ్రూపు మ్యూట్ చెయ్. మా ఆడపడుచు గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటు ఫలితం కూడా పంపుతుంది.

ఇండియాలో స్టార్ స్పోర్ట్స్‌లో, జియోహాట్‌స్టార్‌లో వస్తుందట.

ఖమ్మం కుర్రాడు

థ్యాంక్స్ మాస్టారూ, అక్కా. నోటుబుక్కు కొనేశా (పాతది దొరకలేదు). జావెలిన్‌లో నీరజ్, సచిన్ యాదవ్, హైజంప్ సర్వేశ్ కుశారే, 5000 మీటర్లలో గుల్వీర్ సింగ్, బయటివాళ్లలో పోల్‌వాల్ట్ డుప్లాంటిస్, 400లో సిడ్నీ మెక్లాఫ్లిన్ లెవ్రోన్. 100 మీటర్ల హర్డిల్స్‌లో మన వైజాగ్ జ్యోతి యర్రాజి పేరు రాద్దామంటే జాబితాలో కనిపించలేదు, ఎందుకని?

ఇంకో డౌటు. ఫలితాల్లో ఒకరి పక్కన పెద్ద క్యూ (Q), ఇంకొకరి పక్కన చిన్న క్యూ (q) ఉంటోంది. ఎస్బీ, పీబీ, డీఎన్ఎస్... ఇదేం భాష?

పీఈటీ మాస్టారు, విజయనగరం

జ్యోతికి మోకాలి గాయం, అందుకే లేదు. మే నెలలో కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 12.96 సెకన్లతో బంగారం గెలిచిన పిల్ల. ఇంతలోనే ఇలా అయింది. కోలుకుంటుంది.

పెద్ద క్యూ అంటే స్థానం బట్టి నేరుగా పై రౌండుకి వెళ్లినట్టు. చిన్న క్యూ అంటే స్థానం రాకపోయినా టైము బాగుండటం వల్ల వెళ్లినట్టు. 100 మీటర్లకి మూడు సెమీస్ ఉంటే, ఒక్కోదాంట్లో మొదటి ఇద్దరు, మిగిలిన వాళ్లందరిలో వేగంగా పరిగెత్తిన ఇంకో ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది. అందుకే మూడో స్థానంలో వచ్చినవాడు వెంటనే వెళ్లిపోకుండా తెరవైపు చూస్తూ నిలబడతాడు. మిగతా సెమీస్ అయ్యేదాకా వాడికి టెన్షనే.

పీబీ జీవితంలో బెస్ట్, ఎస్బీ ఆ ఏడాది బెస్ట్. డీఎన్ఎస్ అసలు పరుగు మొదలుపెట్టలేదు, డీఎన్ఎఫ్ మధ్యలో ఆగిపోయాడు, డీక్యూ అనర్హుడు.

జావెలిన్ లాంటి వాటిలో ఇంకో రకం. 84.50 మీటర్లు దాటితే నేరుగా ఫైనల్. దాటినవాళ్లు పన్నెండు మంది లేకపోతే తర్వాతి మంచి త్రోలతో పన్నెండు నింపుతారు. క్వాలిఫయింగ్‌లో ఎంత విసిరినా ఫైనల్ మళ్లీ సున్నా నుంచే. అందుకే పెద్దవాళ్లు ఒక్క త్రో విసిరి, గీత దాటిందని తెలియగానే బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు. నిర్లక్ష్యం అనుకోకు, భుజం దాచుకుంటున్నారు.

టైము పక్కన ప్లస్ గుర్తుతో చిన్న అంకె కనిపిస్తే అది గాలి. 100, 200, పొట్టి హర్డిల్స్, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్‌లలో వెనక గాలి సెకనుకి 2 మీటర్లు మించితే గెలుపు గెలుపే కానీ రికార్డు లెక్కలోకి రాదు. ఇది జ్యోతికి జరిగింది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిశ్వాల్‌ది, 2002 నాటి 13.38. ఇరవై ఏళ్ల రికార్డు పోయిందని మేమంతా ఎగిరి గంతేశాం. తీరా గాలి చూస్తే 2.1. ఆ ఒక్క పాయింటు వల్ల కొట్టేశారు. అంతకు ముందు 2020లో యూనివర్సిటీ పోటీల్లో 13.03 చేస్తే డోప్ పరీక్ష జరగలేదని అదీ లెక్కలోకి రాలేదు. చివరికి 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు తన పేరిట రాయించుకుంది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది జారిపోతే మూడోసారి నిలబడి తినడం అంటే ఆ పిల్లని చూసి నేర్చుకోవాలి.

ఇంకొకటి. తెరమీద ఫలితం పడగానే గ్రూపుల్లో పెట్టేయకు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చైనా అమ్మాయి వూ యన్నీ పరుగు మొదలవకముందే కదిలింది, ఆ గొడవలో జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారు. జ్యోతి ఒప్పుకోలేదు. ఇద్దర్నీ పరిగెత్తనిచ్చి తర్వాత తేలుద్దామన్నారు. జ్యోతి మూడోది, కాంస్యం అనుకున్నాం. కాసేపటికి వూని అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి వెండి ఇచ్చారు. నేను అప్పటికే మా స్కూలు గ్రూపులో కాంస్యానికి అభినందనలు పెట్టేశాను, సర్దుకోవాల్సి వచ్చింది.

టోక్యోలో తెలుగోడు (సెప్టెంబర్ 17)

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నిన్న స్టేడియంకి వెళ్లొచ్చా. సెండాగయా స్టేషన్‌లో దిగితే నడకే. వచ్చేటప్పుడు మాత్రం జనం ఎక్కువ, అందరూ ఆ స్టేషన్‌కే పోతారు. కాస్త నడిచి గైఎన్‌మే స్టేషన్ వైపు వెళ్తే ఇంకో రైలు లైను దొరుకుతుంది.

లోపల కూర్చుంటే టీవీకి పూర్తి వేరు. టీవీ పరుగుల చుట్టూ తిరుగుతుంది, ఫీల్డు ఈవెంట్లు ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది. స్టేడియంలో మీరు ఒకే చోట చూపు నిలిపి మొత్తం చూడొచ్చు. నేను హైజంప్ ఎదురుగా కూర్చున్నా, సర్వేశ్ కుశారే కోసం. 2.28 దూకాడు, తన బెస్ట్, ఆరో స్థానం. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ మగవాళ్ల హైజంప్ ఫైనల్‌కి వెళ్లిన మొదటి భారతీయుడు. దూకేవాళ్లు దూకడానికి వచ్చే ముందు చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టమంటారు, స్టేడియం అంతా ఒకే తాళంలో కొడుతుంది, ఇంతలో అటు పక్క ట్రాకు మీద పరుగు మొదలుపెట్టడానికి 'సెట్' అనగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. పాపం దూకేవాడు అలాగే ఆగి నిలబడాలి. అది టీవీలో తెలియదు.

ఇంటి నుంచి చూసేవాళ్లకి నా సలహా: టీవీలో పరుగులు, ఫోన్‌లో ఫీల్డు ఈవెంట్ల లైవ్ ఫలితాలు. రెండూ కలిస్తేనే పూర్తి ఆట.

ఖమ్మం కుర్రాడు (సెప్టెంబర్ 18 రాత్రి)

మాస్టారూ, మనసు బాలేదు. ఆఫీసులో ఫోన్ ఫైలు వెనక పెట్టి చూశా. నిన్న క్వాలిఫయింగ్‌లో నీరజ్ మీరు చెప్పినట్టే మొదటి త్రోకే 84.85 విసిరి వెళ్లిపోయాడు. ఇవాళ 83.65, 84.03, ఫౌల్, 82.86, ఫౌల్. ఎనిమిదో స్థానం. సరే, ఆరో త్రో ఉంది కదా అని కూర్చుంటే విసరనే లేదు! మొదటి ఎనిమిది మందికి ఆరు త్రోలు ఉంటాయని ఎక్కడో చదివాను. గాయమా?

పీఈటీ మాస్టారు, విజయనగరం

నువ్వు చదివింది పాత పద్ధతి. అందరికీ మూడు, మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు. బుడాపెస్ట్‌లో అదే. టోక్యోలో వడపోత పెంచారు. మూడో రౌండు తర్వాత పది మంది మిగులుతారు, నాలుగు తర్వాత ఎనిమిది, ఐదు తర్వాత ఆరుగురు. ఆరో త్రో ఆ ఆరుగురికే. పాకిస్తాన్ అర్షద్ నదీమ్, ఒలింపిక్ ఛాంపియన్, పదో స్థానంలో ఉండి నాలుగో రౌండుతోనే వెళ్లిపోయాడు చూశావా. వెన్నునొప్పి ఉందని నీరజ్ తనే చెప్పాడు కానీ, ఆరో త్రో లేకపోవడానికి కారణం రూలే. ఈ కొత్త పద్ధతి నాకు నచ్చలేదు. చివరి త్రోకి మొత్తం తారుమారు చేసేవాళ్లని ఎంతమందిని చూశాం.

సరే, నీ నోటుబుక్కు తియ్. సచిన్ యాదవ్ గడిలో ఏముంది? మొదటి త్రోకే 86.27, జీవితంలో బెస్ట్. నాలుగో స్థానం. కాంస్యం గెలిచిన కర్టిస్ థాంప్సన్ 86.67. మధ్యలో ఉన్నది 40 సెంటీమీటర్లు, మన స్కేలు ఒకటిన్నర కూడా లేదు.

డల్లాస్ అక్క

నేను 5.23కే లేచా. రికార్డింగ్ అన్నాను గానీ నిద్ర పట్టలేదు. తమ్ముడూ, జావెలిన్ దిగులులో మెక్లాఫ్లిన్ పరుగు వదిలేశావా? తడి ట్రాకు మీద 400 మీటర్లు 47.78! 1985లో మరీటా కోక్ చేసిన 47.60 తర్వాత ఇంత వేగంగా ఎవరూ పరిగెత్తలేదు. నీ జాబితాలో పేరు ఉంది, వెంటనే చూడు.

ఖమ్మం కుర్రాడు

చూశా అక్కా, మూడుసార్లు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ నెల 27 నుంచి అక్టోబర్ 5 దాకా ఢిల్లీలో వరల్డ్ పారా అథ్లెటిక్స్ అంటున్నారు. మన వరంగల్ జిల్లా కల్లెడ దీప్తి జీవాంజి 400లో ఉంది కదా. పక్కన టీ20 అని ఉంది, ఇదేంటి మళ్లీ?

పీఈటీ మాస్టారు, విజయనగరం

క్రికెట్ కాదులే! టీ అంటే ట్రాకు, విసరడాలకి ఎఫ్. పక్క అంకె ఏ రకమైన వైకల్యమో చెప్తుంది, 20 అంటే మేధోపరమైన వైకల్యం. అలా మామూలుగా అంకె ఒకటైనవాళ్లే కలిసి పోటీ పడతారు. అందుకే పారా పోటీల్లో 400 మీటర్ల ఫైనల్స్ చాలా ఉంటాయి, మనది ఏదో అంకెతో గుర్తుపట్టాలి. దీప్తి 2024లో జపాన్‌లోని కోబేలో 55.07తో ప్రపంచ రికార్డు కొట్టి గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. బెస్ట్ గడిలో 55.07 రాసుకో. ఢిల్లీ కాబట్టి టైము మార్చే పని కూడా లేదు.

ఖమ్మం కుర్రాడు

రాసేశా. మా బాబాయి ఢిల్లీలోనే ఉంటాడు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఎంత దూరమో కనుక్కుంటా. సెలవు దొరికితే రైలెక్కేస్తా.