స్కాచ్, ఐరిష్ పక్కపక్కన పెట్టి పోల్చాలి: ఏ సీసాకి ఏది జత, ఏ వరసలో? (బరంపురం)

ఋషికుల్య (బరంపురం)

అందరికీ నమస్కారం. మే మొదటి శనివారం ఆరుగురం కూర్చుని స్కాచ్, ఐరిష్ విస్కీలు పోల్చి చూద్దామనుకుంటున్నాం. చేతిలో ఉన్నవి ఐరిష్‌లో జేమ్‌సన్, రెడ్‌బ్రెస్ట్ 12, స్కాచ్‌లో గ్లెన్‌ఫిడిక్ 12, లఫ్రాయిగ్ 10 (అంకె అంటే పీపాలో గడిపిన ఏళ్ళు). ఇంకో రెండు సీసాలు కొనే వీలుంది.

ఏది దేనితో జత కలపాలి? మనిషికి ఎంత పోయాలి? నీళ్ళు కలపాలా, కలిపితే ఎంత? గదిలో వేడి 35 డిగ్రీలు దాటుతుంది, ఏసీ పెట్టినా 27 దగ్గరే ఆగుతుంది. మావాళ్ళలో ఒకరిదో వాదన: "ఐరిష్ మూడుసార్లు కాచింది కాబట్టి మెత్తగా ఉంటుంది, స్కాచ్ అంటే పొగ, ఇంతే తేడా" అని. ఇందులో నిజమెంత? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

వంశధార (గుణుపురం)

ముందు ఆ వాదన సంగతి తేల్చాలి తమ్ముడూ. అది పట్టుకుని కూర్చుంటే సీసాల జతలే తప్పుతాయి.

స్కాట్లండ్ మాల్టుల్లో (మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీల్లో) ఎక్కువవాటికి పొగ వాసనే ఉండదు. మీ దగ్గరున్న గ్లెన్‌ఫిడిక్ 12 మూత తీసి చూడండి, పచ్చి ఆపిల్, బేరిపండు వాసనే తప్ప పొగ ఎక్కడా తగలదు. మొలకెత్తిన బార్లీని పీట్ (కుళ్ళిన మొక్కలతో ఏర్పడ్డ మట్టి, ఎండబెట్టి కాలుస్తారు) మంట మీద ఆరబెట్టినప్పుడే ఆ పొగ ఎక్కుతుంది. స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో ఆ పద్ధతి ఎక్కువ, మీ లఫ్రాయిగ్ అక్కడిదే. ఇటు ఐర్లండ్‌లో కానెమారా పొగపెట్టిన మాల్టే, పైగా కాచేది రెండుసార్లే. టిర్‌కానెల్ కూడా రెండుసార్లే. అటు స్కాట్లండ్‌లో గ్లాస్గో పక్కన ఆకెన్‌టాషన్ మూడుసార్లు కాస్తారు. అందుకని దేశం పేరు చూసి జత కలిపితే ఏమీ తేలదు. లఫ్రాయిగ్ పక్కన జేమ్‌సన్ పెట్టారనుకోండి, పీట్, ధాన్యం, కాచిన తీరు, బ్లెండ్, అన్నీ ఒకేసారి మారిపోతాయి. నాలికకి తేడా తెలుస్తుంది, ఏ తేడా దేనివల్ల వచ్చిందో మాత్రం తెలీదు. ఒక్కో జతలో వీలైనంతవరకు ఒక్క సంగతే మారాలి.

మీరు కొనే రెండూ ఐరిష్‌లో బుష్‌మిల్స్ 10, స్కాచ్‌లో అబర్‌లావర్ 12 అయితే జతలు ఇలా కుదురుతాయి.

మొదటిది జేమ్‌సన్, రెడ్‌బ్రెస్ట్. రెండూ కార్క్ కౌంటీలోని మిడిల్టన్ డిస్టిలరీవే, రెండూ మూడుసార్లు కాచినవే. జేమ్‌సన్ బ్లెండ్, అంటే అందులో పాట్‌స్టిల్ (రాగి కుండలో విడతలుగా కాచిన) విస్కీతో పాటు కాలమ్ స్టిల్‌లో (ఆగకుండా కాచే నిలువు గొట్టంలో) తీసిన తేలికపాటి గ్రెయిన్ విస్కీ కలిసి ఉంటుంది. రెడ్‌బ్రెస్ట్ మొత్తం పాట్‌స్టిలే. వయసు, పీపాలు కూడా వేరే అన్నది గుర్తుంచుకోండి, కానీ గ్రెయిన్ కలిస్తే విస్కీ చిక్కదనం ఎంత తగ్గుతుందో ఈ జతలో బాగా తెలుస్తుంది.

రెండోది బుష్‌మిల్స్ 10, గ్లెన్‌ఫిడిక్ 12. రెండూ పొగలేని సింగిల్ మాల్టులు (ఒకే డిస్టిలరీలో చేసిన మాల్టు విస్కీలు), రెండూ బూర్బన్ (అమెరికన్ విస్కీ), షెర్రీ (స్పెయిన్ వైన్) పోసి తీసిన పీపాల్లో పెరిగినవి. ఐరిష్‌ది మూడు కాపులు, స్కాచ్‌ది రెండు. రెండుసార్లు కాచిన స్పిరిట్ పీపాలోకి వెళ్ళకముందు 70 శాతం దగ్గర ఉంటుంది, మూడుసార్లయితే 80 దాటుతుంది. బలం పెరిగేకొద్దీ బరువైన పదార్థాలు వెనకే ఉండిపోతాయి, రాగి తగలడమూ ఎక్కువవుతుంది, అందుకే తేలిక. మీవాడి మాట నిలిచేది ఈ ఒక్క జతలోనే. ఇక్కడ కూడా తేడా అతను అనుకున్నంత పెద్దది కాదు, చూడండి.

మూడోది రెడ్‌బ్రెస్ట్ 12, అబర్‌లావర్ 12. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. రెండిటికీ వయసు ఒకటే, బూర్బన్ పీపాలు, షెర్రీ పీపాలు రెండిటికీ ఉన్నాయి. కాపుల లెక్క కూడా వేరే, కానీ అసలు తేడా ధాన్యంలో. అబర్‌లావర్ మొత్తం మొలకెత్తించిన బార్లీ. రెడ్‌బ్రెస్ట్‌లో దానితో పాటు మొలకెత్తించని పచ్చి బార్లీ కూడా ఉంటుంది. ఐర్లండ్‌లో 1785లో మాల్టు మీద పన్ను పడ్డాక పచ్చి బార్లీ వాడకం బాగా పెరిగింది. పన్ను పోయినా రుచి నచ్చి ఆ అలవాటు నిలిచిపోయింది. 2014 నాటి ఐరిష్ నిబంధనల పత్రంలో పాట్‌స్టిల్ విస్కీకి మాల్టు 30 శాతానికి, పచ్చి బార్లీ 30 శాతానికి తగ్గకూడదని, ఓట్స్, రై లాంటివి 5 శాతం మించకూడదని రాశారు. ఇదే సరుకు స్కాట్లండ్‌లో తీస్తే దాన్ని సింగిల్ మాల్టు అనడానికి వీల్లేదు, సింగిల్ గ్రెయిన్ అనే రాసుకోవాలి.

పచ్చి బార్లీ చేసే పని నాలిక మీద తెలుస్తుంది. ఒక 3 మి.లీ. నోట్లోకి తీసుకుని మింగకుండా పది పదిహేను సెకన్లు నాలిక కింద, బుగ్గల పక్క తిప్పండి. రెడ్‌బ్రెస్ట్ నూనె రాసినట్టు అంటుకుంటుంది, తర్వాత నాలిక వెనక అల్లం, మిరియాల ఘాటు లేస్తుంది. అబర్‌లావర్ అంత అంటుకోదు. దాని తీపి ముందే వస్తుంది, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క వైపు పోతుంది. నన్నడిగితే ఐరిష్‌కి సొంత ముద్ర ఇదే, మూడుసార్లు కాచడం దీని తర్వాతే.

లఫ్రాయిగ్‌ని అన్నిటికంటే ఆఖర్న ఒంటరిగా పోయండి. దానికి జత కావాలంటే కానెమారా వెతకాలి. ముందే పోస్తే మిగతావన్నీ చప్పగా అనిపిస్తాయి, ఆ ఫినాల్ (పీట్ పొగలోని పదార్థం) వాసన ముక్కులోంచి అరగంటకి గాని పోదు.

వరస: జేమ్‌సన్, బుష్‌మిల్స్, గ్లెన్‌ఫిడిక్, రెడ్‌బ్రెస్ట్, అబర్‌లావర్, లఫ్రాయిగ్. జేమ్‌సన్ గ్లాసులో 5 మి.లీ. మిగిల్చి మూత పెట్టుకోండి, రెడ్‌బ్రెస్ట్ వచ్చాక మళ్ళీ వాసన చూడ్డానికి. ఒక్కోటి 15 మి.లీ. చొప్పున ఆరూ కలిపి మనిషికి 90 మి.లీ., అంటే పెద్ద పెగ్గున్నర. సగం ఉమ్మేయండి. అందరి ముందూ ఒక్కో స్టీలు గ్లాసు పెడితే మొహమాటం ఉండదు. బండి నడిపేవాళ్ళు పూర్తిగా ఉమ్మినా సరే నడపొద్దు.

ఇంకో మాట, ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం సరిహద్దు దాటి సీసాలు తెచ్చేవాళ్ళుంటే ఎంతవరకు తేవచ్చో ముందే ఎక్సైజు ఆఫీసులో కనుక్కోండి. విదేశం నుంచి వచ్చేవాళ్ళ ద్వారా అయితే డ్యూటీ లేకుండా మనిషికి 2 లీటర్లు.

మొగలిపొద (ఛత్రపురం)

వంశధార అన్న జతలు సరిగ్గా చెప్పారు. వేడి, గ్లాసు, నీళ్ళ గురించి నేను రాస్తాను, మన వైపు పోలిక ఎక్కువగా చెడేది అక్కడే.

విస్కీ వాసనకి 18 నుంచి 22 డిగ్రీలు మంచిది. 35లో ఆల్కహాలు ఆవిరే ముందు ముక్కుకి కొడుతుంది, పండ్ల వాసన దాని వెనక దాక్కుంటుంది. ఐసు వేస్తే దానికి ఎదురు: వాసనలు లేవవు, పైగా కరిగేకొద్దీ బలం మారిపోతుంది కాబట్టి ఆరుగురి గ్లాసుల్లో ఆరు రకాల విస్కీ అవుతుంది. ఫ్రిజ్‌లో సీసా పెట్టినా అంతే. కుండనీళ్ళలో చల్లార్చుదామంటే మన సముద్రపు తేమకి కుండ సరిగా చల్లబడదు, రాయగడ కొండల వైపైతే కొంచెం నయం.

చేయాల్సింది ఇది. ఒక్కో విస్కీ 90 మి.లీ. కొలిచి చిన్న గాజు సీసాలో పోసి మూత గట్టిగా బిగించండి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, నాలుగైదు ఐసు ముక్కలు వేసి, థర్మామీటరు పెట్టి, నీళ్ళు 18 దగ్గరకి వచ్చాక ఈ సీసాలు దింపండి. ఇరవై నిమిషాలు చాలు. గ్లాసులో పోసేసరికి 20, 21కి వస్తుంది. గ్లాసు అడుగున పట్టుకుంటే అరచేతి వేడి ఎక్కుతుంది, కాడ గాని పీఠం గాని పట్టుకోండి. దగ్గు మందు సీసాలు, రబ్బరు మూతల సీసాలు వద్దు, వాటి వాసన వదలదు.

గ్లాసు అడుగున ఉబ్బుగా, పైన ముడుచుకుని ఉండాలి. గ్లెన్‌కేర్న్ అనే గ్లాసు ఇందుకే చేసింది. ఆరూ ఒకే రకం కావాలి, అది ముఖ్యం. సబ్బుతో కడిగి మామూలు గుడ్డతో తుడిస్తే గ్లాసులో గుడ్డ వాసనే మిగులుతుంది. వేడినీళ్ళతో కడిగి బోర్లించకుండా నిలబెట్టి ఆరనివ్వండి. బోర్లిస్తే బల్ల వాసన లోపల చేరుతుంది. పోశాక చిన్న స్టీలు మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి.

నీళ్ళ లెక్క సులువు. ఉన్న శాతాన్ని ఉన్న మిల్లీలీటర్లతో హెచ్చవేసి, కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది. మన దేశంలో చాలా సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది, బయటవాటి మీద 40, 43, 46 ఇలా. అన్నిటినీ ముందు 40కి తెచ్చి సమానం చేయండి. 15 మి.లీ. 42.8 సరుకుకి 1 మి.లీ. నీళ్ళు. 46 అయితే 2.25 మి.లీ. ఇది చేయకపోతే బలమైనదే బాగుందని ఓట్లు పడతాయి. మొదటి చుట్టు 40లో చూసి, రెండో చుట్టులో 15 మి.లీ. మిగిలి ఉంటే ఇంకో 5 మి.లీ. నీళ్ళు కలపండి, 30 శాతం అవుతుంది. బ్లెండింగ్ గదుల్లో నిపుణులు 20 శాతం దాకా పలచన చేసి వాసన చూస్తారు, లోపాలు అక్కడ బయటపడతాయి కాబట్టి. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి కొనుక్కుంటే కొలత పక్కాగా వస్తుంది.

మున్సిపాలిటీ కొళాయి నీళ్ళు అసలు వాడొద్దు. అందులోని క్లోరిన్ ఫినాల్స్‌తో కలిస్తే క్లోరోఫినాల్స్ తయారవుతాయి, చాలా కొద్దిగా ఉన్నా ఆసుపత్రి వాసన కొడతాయి. లఫ్రాయిగ్‌లో ఆ వాసన దాని సొంతమో, మీ కొళాయిదో ఎలా చెప్తారు? బోరు నీళ్ళ ఉప్పదనం కూడా రుచి మారుస్తుంది. ఆర్‌ఓ నీళ్ళే మేలు, అవి కూడా అదే గిన్నెలో చల్లబరచుకోండి. 46 శాతం పైన, చల్లబరిచి వడగట్టని సరుకులో నీళ్ళు కలిపితే మసకబారుతుంది. అది కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు విడివడటం, చెడిపోవడం కాదు.

గదిలో అగరొత్తులు, మల్లెపూలు, ఫినాయిలు ఉండకూడదు. పాన్ మసాలా నమిలినవాళ్ళని ఆ పూట రుచి చూడనివ్వకుండా దూరంగా కూర్చోబెట్టండి. మన గంజాం మొగలి అత్తరు పాన్ మసాలాల్లో ఎక్కువగా పడుతుంది, ఆ నోటితో ఏ విస్కీ అయినా మొగలిపువ్వులాగే ఉంటుంది. గుక్కకీ గుక్కకీ మధ్య ఉప్పులేని ముఢీ (మరమరాలు), మంచినీళ్ళు. మిక్చరు, వేపుడు కార్యక్రమం అయ్యాకే.

ఋషికుల్య (బరంపురం)

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. పేర్లు కనిపించకుండా పోస్తే మంచిదంటారా? మావాడు రంగు చూసే ఇది షెర్రీ, ఇది బూర్బన్ అని చెప్పేస్తాడు.

గజపతి_పర్లాకిమిడి

తప్పకుండా పేర్లు దాచి పోయండి. రంగు మాత్రం నమ్మకండి. స్కాచ్‌లో, ఐరిష్‌లో కూడా మామూలు కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది, ముదురు రంగు అంటే షెర్రీ పీపా అనుకోవడానికి లేదు. గ్లాసు చుట్టూ నల్ల కాగితం చుట్టేయండి, లేదా నీలం గాజు గ్లాసులు వాడండి.

"నాకు తేడా తెలుస్తోంది" అన్న మాట నిజమో కాదో చూడ్డానికి మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. రెండిట్లో ఒకే విస్కీ, మూడో దాంట్లో వేరేది, వేరేది ఏదో పట్టుకోవాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి ఒక్కసారి చెప్తే లెక్కలోకి రాదు. ఒక విస్కీ క, రెండోది ఖ అనుకుంటే పోసే వరసలు ఆరు రకాలు: కకఖ, కఖక, ఖకక, ఖఖక, ఖకఖ, కఖఖ. మీరు ఆరుగురు ఉన్నారు, మనిషికో వరస ఇస్తే సరిగ్గా సరిపోతుంది. పోసేవాడు ఏడోవాడై ఉండాలి, తాగేవాళ్ళ ముఖాలు చూడకూడదు, గది బయట పోసి పంపాలి. ఆరుగురిలో ఐదుగురు పట్టుకుంటే తేడా ఉన్నట్టే, ఊహతో అలా జరిగే అవకాశం 2 శాతం లోపు. నలుగురే పట్టుకుంటే అది 10 శాతం, అంటే ఏమీ తేలలేదని రాసుకోండి.

దీనికి బుష్‌మిల్స్, గ్లెన్‌ఫిడిక్ జత తీసుకోండి. గ్లాసుకి 5 మి.లీ. చాలు. మొదట వాసనతోనే ప్రయత్నించాలి. మొదటి గ్లాసు ఎప్పుడూ ఘాటుగా తోస్తుంది, ముక్కు దానికి అలవాటు పడ్డాకే రెండోది మెత్తగా అనిపిస్తుంది. అందుకని ముందు ఒక పనికిరాని గ్లాసు, లెక్కలో లేనిది, అందరూ వాసన చూసి పక్కన పెట్టేయండి.

ముక్కు పెట్టే తీరు కూడా చూసుకోవాలి. వైన్‌లాగా గిరగిరా తిప్పొద్దు, ఆల్కహాలు ఒక్కసారి లేస్తుంది. నోరు కొంచెం తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తేండి. అలసిపోతే సొంత ముంజేతి చర్మం వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది.

నాగావళి (రాయగడ)

రాసుకునే మాటల సంగతి కూడా చెప్పాలి. వేరే దేశం పళ్ళ పేర్లు పట్టుకుని కూర్చుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మన ముక్కుకి తెలిసినవే రాయండి. అరటిపండు వాసన వస్తే అది ఐసోఅమైల్ అసిటేట్, పులియబెట్టినప్పుడు పుట్టేది. కొబ్బరి వస్తే అమెరికన్ ఓక్ చెక్కలోని లాక్టోన్. లవంగం అంటే యూజినాల్, అదీ చెక్కదే. కాల్చిన తేగల పొగ ఒకటి, గాయానికి రాసే అయోడిన్ వాసన ఇంకొకటి, ఈ రెండూ వేరువేరుగా రాసుకోండి. మొదటిది గ్వయకాల్, రెండోది క్రెసాల్స్ వైపు. లఫ్రాయిగ్‌లో రెండోది బాగా ఎక్కువ. కాయితం మీద "ముందు, నోట్లో, మింగాక" అని మూడు గడులు చాలు. మార్కులు ఎవరికివారు రాసి మడిచాకే మాట్లాడుకోండి, లేకపోతే మొదట నోరు విప్పినవాడి మాటే అందరి మాట అవుతుంది.

మిగిలిన సీసాల సంగతి: నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే బలమైన ఆల్కహాలు బిరడాని తినేస్తుంది. సగం కంటే తగ్గిన సీసాలో గాలి ఎక్కువ, నెలల్లో వాసన పలచబడుతుంది. పొగ ముందు తగ్గుతుంది కాబట్టి లఫ్రాయిగ్‌ని చిన్న గాజు సీసాలోకి అంచు దాకా మార్చండి. మే, జూన్‌లో మేడమీద గదిలో మాత్రం వద్దు, వేడికి లోపలి ఆవిరి బిరడాని పైకి నెట్టేస్తుంది. కింది అలమారాలో, వెలుతురు పడని చోట పెట్టండి. బిరడా విరిగి ముక్కలు లోపల పడితే కాఫీ వడపోత కాగితంలోంచి వడకట్టి వేరే మూత పెట్టుకోవచ్చు, విస్కీకి ఏమీ కాదు.