బిగ్ గ్రాంట్ అప్లికేషన్: స్కాలర్ పేరు మీదా, గైడ్ పేరు మీదా?

ఐదో_ఏడు_స్కాలర్
అందరికీ నమస్తే. బెజవాడ గుంటూరు మధ్య ఒక యూనివర్సిటీలో మైక్రోబయాలజీ పీహెచ్‌డీ, ఐదో ఏడు, కాలేజీ పేరు అడగొద్దు. మేడికొండూరు వైపు ఒక మిర్చి చేలో చుట్టూ మొక్కలన్నీ కాయకుళ్ళు తగిలి పాడైపోతే మధ్యలో నాలుగు మొక్కలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, వాటి వేళ్ళ దగ్గర మట్టి తెచ్చి ప్లేటింగ్ చేస్తే (ప్లేట్లలో సూక్ష్మజీవుల్ని పెంచడం) ఒక బాసిల్లస్ బ్యాక్టీరియా దొరికింది. ప్లేట్‌లో ఒక పక్క కాయకుళ్ళు తెచ్చే ఫంగస్, ఇంకో పక్క ఇది పెడితే వారం తర్వాత కూడా మధ్యలో గీత గీసినట్టు ఖాళీ, ఫంగస్ ఆ గీత దాటి రాదు. మూడేళ్ళు దీంతోనే కాపురం. టాల్క్ పౌడర్‌లో కలిపి నిలవ ఎన్నాళ్ళుంటుందో చూశా, కుండీల్లో చూశా, ఒక రైతు పొలంలో పది సెంట్లలో కూడా చూశా.

ఇప్పుడు బిగ్ గ్రాంట్‌కి వేద్దామని (తెలియనోళ్ళకి: కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ కింద ఉన్న బైరాక్ సంస్థ బయోటెక్ ఐడియాలకి ఇచ్చేది, 50 లక్షల దాకా, 18 నెలలకి, ఏటా జనవరి 1న ఒకసారి జులై 1న ఒకసారి కాల్ ఓపెన్ చేస్తారు, కంపెనీలో వాటా అడగరు). గైడ్ గారేమో నా పేరు మీద వేద్దాం, నువ్వు టీమ్ మెంబర్‌గా ఉండు అంటున్నారు. నాకు ఫెలోషిప్ అయిపోయి ఏడు నెలలు, ఇంట్లో అడిగితే రాసుకుంటున్నా అని చెప్తున్నా. నా పేరు మీద వేస్తానంటే సార్ మొహం మాడిపోయింది. ఎవరిది న్యాయం?

కృష్ణలంక_కుర్రాడు
నీ పేరే. ఇందులో చర్చేంటి బ్రో. మట్టి తవ్వింది నువ్వు.

రిటైర్డ్_మాష్టారు
తొందరపడకు నాయనా. మట్టి తవ్వింది నువ్వే, కాదనను. ఆ ల్యాబ్‌లో ఆటోక్లేవ్ (సామాన్లు స్టెరిలైజ్ చేసే మెషీన్) కొన్న ప్రాజెక్ట్ ఎవరిది? షేకర్ చెడిపోతే ఫైల్ పట్టుకుని ఆఫీసు చుట్టూ ఆర్నెల్లు తిరిగింది ఎవరు? నేను 31 ఏళ్ళు పాఠం చెప్పా, నా దగ్గర ఒక పిల్లాడు ఇలాగే మంచి కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) తీశాడు, తీసి హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే వెళ్ళిపోయాడు, తప్పులేదు, వాడి బతుకు వాడిది. కానీ ఆ వయల్స్ డీప్ ఫ్రీజర్‌లో వాడి చేతిరాతతోనే ఉండిపోయాయి, లేబుల్ మీద అంకెలు మాకెవ్వరికీ అర్థం కాలేదు, నేను రిటైరయ్యే రోజు నేనే తీసి పారేశా. స్కాలర్ పోతాడు, గైడ్ ఉంటాడు. గ్రాంట్ ఇచ్చేవాళ్ళు అదీ చూస్తారు.

ల్యాబ్‌కోటు_అక్క
మాష్టారూ మీ మీద గౌరవంతోనే ఒక మాట, గైడ్ ఉంటాడు అన్నారే, ఉండి ఏం చేస్తాడు? నా సంగతి వినండి. నా కిట్, నా నాలుగేళ్ళు. అప్లికేషన్ సార్ పేరు మీద పోయింది, నేను టీమ్ మెంబర్, తర్వాత కంపెనీ పెట్టాల్సి వస్తే అందులో డైరెక్టర్లు సారు భార్య, సారు బావమరిది. నన్ను ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా జీతానికి పెట్టుకున్నారు, అదీ మూడు నెలలకోసారి. ఒకరోజు ఫంక్షన్‌లో చెక్కు అందుకుంటుంటే ఫొటో నేనే తీశా, నిజంగా నేనే, ఫోన్ నా చేతికిచ్చి తీయమ్మా అన్నారు. తమ్ముడూ, నోటిమాట మీద వెళ్ళకు. ఏదైనా కాగితం మీద.

పేటెంట్_పంతులు
మీరంతా మూడు కుర్చీలు ఒకే కుర్చీ అనుకుని కొట్టుకుంటున్నారు.

మొదటిది ఇన్వెంటర్. ఇది మొహమాటానికి ఇచ్చేది కాదు, బుర్ర పెట్టినోళ్ళ పేరు ఉండాల్సిందే, లేనోళ్ళది ఉండకూడదు, ఆటోక్లేవ్ కొంటే ఇన్వెంటర్ అవ్వరు మాష్టారూ క్షమించాలి. అలాగే ఐడియా గైడ్‌దైతే ఆయన పేరూ ఉంటుంది, నేనొక్కడినే అంటే కుదరదు. రెండోది పేటెంట్ ఓనర్, యూనివర్సిటీ జీతంతో, ల్యాబ్‌తో చేసింది కాబట్టి చాలాచోట్ల అది యూనివర్సిటీనే, పేటెంట్లు ఎవరివో చెప్పే మీ ఐపీ పాలసీ తీసి చదువు. మూడోది గ్రాంట్ తీసుకుని కంపెనీ నడిపేవాడు. ఈ మూడో కుర్చీ గురించే నీ ప్రశ్న, ఇందులో కూర్చునేవాడికి యూనివర్సిటీ నుంచి ఆ టెక్నాలజీ వాడుకునే లైసెన్స్ ఉండాలి, లేకపోతే 50 లక్షలొచ్చినా చేతిలో ఉండేది టాల్క్ పౌడరే.

ఇంకోటి, అసలు కష్టం ఇక్కడుంది. ప్రకృతిలో దొరికిన బ్యాక్టీరియాని అలాగే తెచ్చి పేటెంట్ ఇమ్మంటే మన చట్టం సెక్షన్ 3(సి) ఒప్పుకోదు. ఫార్ములేషన్ మీద, అంటే టాల్క్‌తో కలిపి చేసిన మందు మీద అడగాలి, అదీ ఊరికే కలిపితే 3(ఇ) అడ్డమొస్తుంది, కలిపినందువల్ల విడివిడిగా రాని ఫలితం వచ్చిందని అంకెలు చూపించాలి. కల్చర్‌ని చండీగఢ్ ఎంటీసీసీలోనో పుణె ఎంసీసీలోనో, అంటే కల్చర్లు దాచే బ్యాంకుల్లో, ఫైల్ చేసే రోజుకల్లా డిపాజిట్ చేయాలి. మన మట్టిలోది కాబట్టి బయోడైవర్సిటీ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా, 2023 సవరణ తర్వాత మనవాళ్ళకి పేటెంట్ గ్రాంట్ అయ్యేలోపు చేయించుకుంటే సరిపోతుంది, అమ్మకానికి వెళ్ళేటప్పుడు మళ్ళీ పర్మిషన్. ఫీజు చూసి భయపడకు, ఆన్‌లైన్‌లో ఫైలింగ్ 1600, అది విద్యాసంస్థలకీ అంతే.

ఫైల్ చేయకముందే బయటపెడితే పేటెంట్‌కి దెబ్బ. ఎక్కడైనా పేపర్ వేశావా? పోస్టర్ పెట్టావా? నిజం చెప్పు.

ఐదో_ఏడు_స్కాలర్
అయ్యో. ఫిబ్రవరిలో ఒక నేషనల్ కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టా సార్, బెస్ట్ పోస్టర్ కూడా ఇచ్చారు. 😶 అందులో టాల్క్ రేషియోతో సహా ఉంది. సారే పెట్టమన్నారు.

కృష్ణలంక_కుర్రాడు
మెమెంటో కోసం పేటెంట్ పోగొట్టుకున్నోడివి నువ్వేనా బ్రో

పేటెంట్_పంతులు
నవ్వకండి, నా దగ్గరికొచ్చే పది మందిలో సగం మంది కథ ఇదే. మన చట్టంలో సెక్షన్ 31 అని చిన్న కిటికీ ఉంది, ఇన్వెంటర్ ఒక లెర్నెడ్ సొసైటీ ముందు చదివిన పేపర్ అయితే 12 నెలల్లోపు ఫైల్ చేస్తే దాన్ని నీకు వ్యతిరేకంగా వాడరు. పోస్టర్‌ని చదివినట్టు లెక్కేస్తారా, ఆ కాన్ఫరెన్స్ పెట్టింది సొసైటీయా కాలేజీ డిపార్ట్‌మెంటా, వీటి మీద వాదన పడుతుంది. యూరప్ మాత్రం మర్చిపో, అక్కడ ఈ కిటికీ లేదు. పోస్టర్‌లో లేనిది ఇంకేమైనా ఉందా నీ దగ్గర?

ఐదో_ఏడు_స్కాలర్
ఉంది సార్. పోస్టర్‌లో ఒక్క స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) ఉంది. తర్వాత ఇంకో బ్యాక్టీరియా, రెండో ఐసోలేట్‌తో కలిపి చేసింది ఇంకెక్కడా పెట్టలేదు, అదే బాగా పనిచేసింది.

పేటెంట్_పంతులు
అయితే నోరు మూసుకుని దాన్ని ముందు ఫైల్ చెయ్. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్ వేస్తే కంప్లీట్‌కి 12 నెలలు టైమ్. థీసిస్ సబ్మిషన్ కూడా ఆ తర్వాతే.

మిర్చియార్డు_మావయ్య
మీ సెక్షన్లు నాకు తెలవదుగానీ ఒక మాట. బయో మందు అంటే మా ఊళ్ళో జనం నవ్వుతారయ్యా. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చేలు దున్నేసుకున్నాం, అప్పుడు షాపుల్లో బయో బయో అని డబ్బాలు కట్టబెట్టారు, కొన్నిటికి తెల్లారేసరికి పురుగు పడిపోయేది, అది బయో ఎట్టా అవుద్ది, లోపల కెమికల్ కలిపినోళ్ళ పని అది. మిగతావి నీళ్ళు కొట్టినట్టే. కాయకుళ్ళు నిజంగా ఆపితే నీ మందు బంగారం, ఎందుకంటే మచ్చపడ్డ కాయ తాలు కింద తీస్తారు, తాలుకి మంచికాయ రేటులో సగం కూడా పడదు, ఏరటానికి కూలి అదనం. కానీ వేసంకాలం రేకుల షెడ్డు షాపులో రెండు నెలలు పడున్న ప్యాకెట్‌లో నీ పురుగు బతికే ఉంటదా? అది చెప్పు ముందు. పేరెవరిదైతే నాకెందుకు.

ఐదో_ఏడు_స్కాలర్
మావయ్యా అది పురుగు కాదు 😀 బ్యాక్టీరియా. బాసిల్లస్ స్పోర్ (గట్టి పెంకు లాంటిది) కడుతుంది కాబట్టి ఎండకి తట్టుకుంటుంది, సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా అయితే మీరన్నట్టే చచ్చిపోయేది. 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో మూడు నెలలు పెట్టి చూశా. రేకుల షెడ్డులో మాత్రం పెట్టి చూడలేదు, అది నా తప్పే.

గన్నవరం_స్టార్టప్
నేను వేరే స్కీమ్‌లో డబ్బు తీసుకున్నా కాబట్టి ఎవరూ చెప్పనిది చెప్తా. 18 నెలలు అంటే చాలా అనిపిస్తుంది, మిర్చికి లెక్కేయండి. నాట్లు ఆగస్టు సెప్టెంబర్, కోతలు జనవరి నుంచి. జులైలో అప్లై చేస్తే స్క్రీనింగ్, ప్రెజెంటేషన్, అగ్రిమెంట్ అయ్యేసరికి ఆ ఏడు నాట్లు గోవిందా, డబ్బు పంట మధ్యలో పడుతుంది, ఇక నీకు దక్కేది ఒక్క పూర్తి సీజన్. డబ్బు మైల్‌స్టోన్ చూపిస్తేనే తర్వాతి విడత. ఆ పైన ఇన్సెక్టిసైడ్స్ యాక్ట్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ప్యాకెట్ అమ్మలేవు, 9(3బి) కింద టెంపరరీ తీసుకోవాలన్నా టాక్సిసిటీ డేటా బయట ల్యాబ్‌లో డబ్బిచ్చి చేయించాలి. ఇవన్నీ ఫుల్‌టైమ్ పని. క్లాసులు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ విజిట్ ఫైళ్ళు రాసుకుంటూ ఏ గైడ్ చేయగలడు? చేయలేడు కాబట్టి చేసేది ఎలాగూ నువ్వే. అందుకే నీ పేరు మీదే వెయ్, సార్‌ని మెంటర్‌గా పెట్టు, వాటా రాసివ్వు. పీహెచ్‌డీ ఫుల్‌టైమ్‌లో ఉండగా కంపెనీలో జీతం తీసుకోకూడదు, ఆ తేదీలు మాత్రం చూసుకో.

రిటైర్డ్_మాష్టారు
కంపెనీ ఎందుకసలు? లైసెన్స్ ఇచ్చేయొచ్చుగా ఏదైనా పెద్ద సంస్థకి. కేంద్రం 2000లోనే చెప్పింది, వచ్చిన ఆదాయంలో మూడో వంతు దాకా ఇన్వెంటర్లకి ఇవ్వొచ్చని. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే డైరెక్టర్లు ఎవరని.

ల్యాబ్‌కోటు_అక్క
మూడో వంతు దేంట్లో మాష్టారూ, సున్నాలోనా? లైసెన్స్ తీసుకుని అల్మారాలో పెట్టేసే కంపెనీలు లేవా? అమెరికాలో 1980 నుంచి బే-డోల్ చట్టం ఉంది, సర్కారు డబ్బుతో చేసిన రీసెర్చ్ పేటెంట్ యూనివర్సిటీ ఉంచుకోవచ్చని, మన దగ్గర 2008లో అలాంటి బిల్లు రాజ్యసభలో పెట్టి చివరికి చట్టం చెయ్యకుండానే వదిలేశారు. ఏ యూనివర్సిటీ పాలసీ దానిది, స్కాలర్ గతి ఆ వీసీ గారి దయ.

గన్నవరం_స్టార్టప్
మాష్టారూ, శాంతా బయోటెక్ గుర్తు చేసుకోండి. వరప్రసాద్ రెడ్డి గారు బయాలజీ మనిషే కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. 1993లో మొదలెట్టి ఉస్మానియాలో, తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబ్‌లో చోటు తీసుకుని 1997లో హెపటైటిస్ బి వ్యాక్సిన్ తెచ్చారు, ఒమన్ మంత్రి ఒకాయన పెట్టుబడి పెట్టాడు. ల్యాబ్ ఇచ్చిన సంస్థ వేరు, దాన్ని భుజాన మోసిన మనిషి వేరు.

రిటైర్డ్_మాష్టారు
ఒప్పుకుంటా. కానీ ఆయన వెనక ల్యాబ్ ఇచ్చినవాళ్ళు లేకపోతే ఆయనా లేడు. పిల్లాడు గైడ్‌తో గొడవపడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోలేడు, వైవా కూడా ఇంకా కాలేదు. ఆ సంగతి ఎవరూ రాయట్లేదే?

ల్యాబ్‌కోటు_అక్క
అది మాత్రం నిజం మాష్టారూ. అదే కదా మా మెడ మీద కత్తి.

ఐదో_ఏడు_స్కాలర్
అప్‌డేట్. ఇవాళ సార్‌తో మాట్లాడా, టీ తాగుతూ, ఛాంబర్‌లో కాదు. ఇన్వెంటర్లు ఇద్దరం, పేటెంట్ యూనివర్సిటీది, గ్రాంట్ అప్లికెంట్ నేను, ఆయన మెంటర్, కంపెనీలో ఆయనకి 15 శాతం, రూల్స్ ఒప్పుకుంటేనే. ముందు ఇరవై ఐదు అన్నారు. రెండు ఐసోలేట్ల ప్రొవిజనల్ ఈ నెలలోనే. "పోస్టర్ పెట్టమని చెప్పింది నేనే కదరా" అని ఆయనే అన్నారు, ఆ మాటకి నేను ఇంకేం అడగలేకపోయా. మెయిల్‌లో రాసి పంపమన్నా, సరే అన్నారు, ఇంకా రాలేదు.

ల్యాబ్‌కోటు_అక్క
మెయిల్ వచ్చాక చెప్పు. అప్పటిదాకా కంగ్రాట్స్ చెప్పను.

మిర్చియార్డు_మావయ్య
ఏవయ్యా స్కాలరూ, ట్రయల్‌కి పొలం కావాలంటే నాది అరెకరం తీసుకో, తేజ రకం మిర్చి వేస్తా. మందు కొట్టకుండా వదిలేసి పోల్చి చూసే మడి ఒకటి ఉంటదంట కదా, ఆ మడిలో కాయంతా తాలు అయితే ఆ నష్టం ఎవరిది? నీ అప్లికేషన్ బడ్జెట్‌లో అదొక లైను రాయి, రాసి నాకు ఫొటో పెట్టు.