అన్నీ ఉన్న విస్తరి ఎందుకు ఎగరదు?

"అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది." నిన్న ఒకావిడ మన గుంపులో ఈ సామెత పెట్టి, బెంగళూరులోనే పుట్టి పెరిగిన తమ అబ్బాయికి వచ్చిన అనుమానం రాశారు: భోజనం ఆకు ఎగరడం ఏమిటి? ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆ పిల్లాడు చూసింది అరిటాకునే. తడిగా, బరువుగా, మధ్యలో లావుపాటి ఈనెతో బల్లకి అతుక్కుని పడి ఉంటుంది. ఫ్యాన్ గాలికి అంచు కదిలితే కదులుతుందేమో గానీ లేచి పోదు. కాబట్టి అబ్బాయి అడిగింది సబబే.

విస్తరి అంటే అరిటాకు కాదు. మోదుగ, మర్రి, బాదం, అడ్డాకు లాంటివాటిని సన్నటి పుల్లలతో గుండ్రంగా కుట్టినది విస్తరి. బహువచనం విస్తళ్ళు. తెలంగాణలో ఇస్తారాకు, ఇస్తరాకు అనడం వింటాం. ఉత్తరాంధ్ర మన్యంలో దొరికే అడ్డాకు చాలా వెడల్పు, కొన్ని ఆకులకే విస్తరి అయిపోతుంది. మోదుగ ఆకులైతే ఎక్కువ పడతాయి. కుట్టినవాటిని దొంతరగా పేర్చి, పైన బరువు పెట్టి ఆరనిస్తారు. ఎండాక కాగితమంత తేలిక. అందుకే బంతిలో విస్తరి వేయగానే నీళ్ళు చల్లుతాం, అంచు మీద మంచినీళ్ళ గ్లాసు పెడతాం. ఉప్పు, ఊరగాయ పడినా అది ఇంకా లేస్తూనే ఉంటుంది. అన్నం, పప్పు పడ్డాకే కుదురుకుంటుంది. ఈ సామెత వడ్డన చేసినవాళ్ళ నోటి నుంచే పుట్టి ఉంటుందని నా నమ్మకం.

తమిళులు దీన్ని 'తైయల్ ఇలై' అంటారు, కుట్టిన ఆకు అని. కన్నడంలో 'ముత్తుగద ఎలె', అంటే మోదుగాకు. ఒకరు పని పేరు పెట్టారు, ఒకరు చెట్టు పేరు పెట్టారు. మనకి మాత్రం ఏ చెట్టు ఆకైనా సరిపోయే విడి పేరు ఉంది. అందుకే దాన్ని అరిటాకుతో కలిపేసి 'ఆకు' అని ఊరుకోవడం నాకు నచ్చదు.

వేమన చెప్పిన "కంచు మోగినట్లు కనకంబు మోగునా" కూడా ఇదే అర్థం అని ఆవిడ రాసినదాని కింద ఇద్దరు రాశారు. దగ్గరిదే, కానీ ఒకటి కాదు. కంచు ఎప్పటికీ కంచే, బంగారం ఎప్పటికీ బంగారమే. అక్కడ తేడా పుట్టుకలో ఉంది. విస్తరి సామెతలో రెండూ ఒకే చెట్టు ఆకులు, ఒకే చేత్తో కుట్టినవి. తేడా వడ్డనలో ఉంది. ఇప్పుడు ఎగిరెగిరి పడుతున్నది కూడా కాసేపట్లో నిండి కుదురుకోవచ్చు. ఎవరినైనా ఈ సామెతతో ఎత్తిపొడిచేవాళ్ళు ఆ సగం మరిచిపోతున్నారు. వేమన పోలిక కంటే నాకు ఇందులోనే దయ ఎక్కువ కనిపిస్తుంది.

ఇక పిల్లలకి అర్థమయ్యేలా 'విస్తరి' తీసేసి 'ప్లేటు' అని మార్చేద్దామన్న సలహా గురించి. వద్దండీ. తినే పాత్ర మారినా మాట నిలబడటం ఏ భాషలోనైనా ఉన్నదే. మధ్యయుగపు ఐరోపాలో పళ్ళెం బదులు మందంగా కోసిన పాత రొట్టె ముక్క మీద వడ్డించుకునేవారు. దాని పేరు ట్రెంచర్. తర్వాత చెక్కతో చేసినవి వచ్చాయి, అవీ పోయాయి. అయినా బాగా తినేవాణ్ణి ఇంగ్లీషులో ఇప్పటికీ ట్రెంచర్‌మన్ అంటారు. బెంగళూరు మెజెస్టిక్ దగ్గర లాడ్జీల ముందు మనం చదివే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' కూడా అలాంటిదే. బోర్డు అంటే భోజనానికి వేసే చెక్క బల్ల, అది కాస్తా భోజనానికే పేరైంది. మన కంచం మాత్రం ఏం తక్కువ? కంచుతో చేసిన పళ్ళేనికి పుట్టిన పేరు అది. 15వ శతాబ్దంలోనే పోతన, చల్దులు తినే గోపబాలురకి రాళ్ళూ చిగుళ్ళూ పూలూ ఆకులూ కంచాలయ్యాయని రాశాడు. మనం రోజూ స్టీలు కంచం అంటున్నాం, ఎవరికీ ఇబ్బంది లేదు.

అబ్బాయికి చూపించాలంటే కష్టమేం లేదు. బెంగళూరులో గాంధీ బజారు వైపు పూజా సామాన్ల అంగళ్ళలో 'ముత్తుగద ఎలె' అని అడిగి చూడండి. ఒకటి ఖాళీగా, ఒకటి అన్నం పెట్టి ఫ్యాన్ కింద ఉంచితే వాడికే తెలుస్తుంది.

కోలారు, హోసూరు వైపు తెలుగువాళ్ళు ఈ సామెతని వేరేలా అంటారా? మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు అన్నది అన్నట్టే కింద రాయండి.